పత్తి గదిలో అమ్మ ఫోటో

నా చిన్నప్పటి నుంచీ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మా ఇంట్లో దండ వేసి ఉన్న అమ్మ ఫోటోకి నేను ఎప్పుడూ మనసారా దణ్ణం పెట్టలేదు. అది అమ్మ పెళ్లినాడు స్టూడియోలో తీసింది. బుగ్గలకి గులాబీ రంగు అద్దారు. మా అమ్మది మంచి నలుపు. ఆ ఫోటోలో ఉన్నావిడ ఎవరో నాకు తెలియదు.

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకి గుంటూరులో ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చేదాకా పక్కలో పెట్టుకోవడానికి అచ్చం అమ్మలా ఉన్న ఫోటో కావాలని ఏడ్చాను. మా బాబాయి అప్పుడే కెమెరా కొన్నాడు. కలర్ రీలు వేసి, ముందుగది కిటికీ పక్కన అమ్మని కూర్చోబెట్టి తీశాడు. కడిగించి తెచ్చాక చూస్తే మొహమంతా ఎర్రగా వచ్చింది.

"ఏమయ్యా మరిదీ, నన్నూ కాయల్లో కలిపి ఆరబోశావా?" అని అమ్మ ఒకటే నవ్వు.

బాబాయి నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. వాకిలి నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. నన్ను పిలిచి, నా చెయ్యి ఆ వెలుగులో పెట్టించాడు. చర్మం మీద సన్నగా ఎరుపు పాకింది. తర్వాత పత్తి గదిలోకి తీసుకెళ్లాడు. ఆ ఏడు ఇంకా అమ్ముడుపోని పత్తి కప్పుదాకా ఉంది. ఉత్తరపు కిటికీ వెలుగు దాని మీద పడి మెత్తగా తిరిగి వస్తోంది. అక్కడ నా చెయ్యి నా చెయ్యిలాగే ఉంది.

"మనిషిని చూసేముందు పక్కన ఏముందో చూడాలే. దాని రంగు కూడా వచ్చి అంటుకుంటుంది" అన్నాడు.

అమ్మని కూడా పిలిచి ఆ పత్తి పక్కన కూర్చోబెట్టాడు. అమ్మ పౌడరు డబ్బా అందుకుంది.

"వద్దు వదినా."

"ఈ నలుపేం చూస్తారయ్యా?"

"చూసేది ఇదిగో, ఇది. దీనికి నువ్వు కావాలి."

అమ్మ నా వైపు చూసి డబ్బా కింద పెట్టేసింది. జుట్టులో ఒక పత్తి పింజె ఇరుక్కుని ఉంది. ఎవరమూ దాన్ని తియ్యలేదు. బాబాయి అలాగే ఫోటో తీశాడు. మర్నాడే తను గుంటూరు బస్సెక్కింది.

ఆ ఫోటో కడిగి వచ్చేసరికి అమ్మ ఇక లేదు.

ఇప్పటికీ నాకు ఎవరైనా కొత్తగా పరిచయమైతే, వాళ్ల పక్కన ఏముందో ముందు చూస్తాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నా చెయ్యి పక్కన పెట్టుకుంటాను. ఇద్దరిదీ ఒకటే రంగు. గొంతు మాత్రం ఏ ఫోటోలోనూ దొరకదు. అందుకని ఆ రోజు బస్సు కదులుతుంటే అమ్మ తల బయటికి పెట్టి అరిచిన మాటే మళ్లీ మళ్లీ అనుకుంటాను.

"ఇంక ఇంట్లోకి పోవే, ఎండకి నల్లబడతావ్!"