అత్తమ్మకు దక్కని మఖ్మల్

పోయిన వారం మా మనవరాలు కాలేజీలో ఏదో వేడుక ఉందని, కామారెడ్డిలోనే కొత్తగా వెలిసిన ఒక బొటిక్‌లో కుట్టించుకున్న మఖ్మల్ జాకెట్టు తొడుక్కుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుని, మొహం చిన్నబుచ్చుకుని నా దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మా, ఒక చెయ్యి నల్లగ కనిపిస్తుంది, ఒకటి ఎర్రగ కనిపిస్తుంది. బట్టనే ఖరాబుందా ఏంది?" అని అడిగింది. నేను కళ్లద్దాలు కూడా వెతుక్కోకుండా రెండు చేతుల మీదా వేళ్లతో నిమిరి చూశాను. బట్టలో ఏ లోపమూ లేదు. ఒక చేతిని బట్ట మీది మెత్తటి నూగు పైకి లేచేటట్టు, రెండో చేతిని నూగు కిందికి వాలేటట్టు కత్తిరించారు, అంతే. మఖ్మల్‌లో ఆ ఒక్క పొరపాటు చాలు, ఒకే తానులోంచి తీసిన రెండు ముక్కలు రెండు రంగులుగా కనబడడానికి. విప్పి కుడితే పోయేది కాదు గనుక నేను ఊరుకున్నాను. పిల్ల కూడా కాసేపు గొణిగి, పైన చున్నీ వేసుకుని, స్నేహితురాలి స్కూటీ ఎక్కి నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక నాకు మాత్రం ఏ పనీ తోచలేదు. నా ఈడు ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు, మన రోజుల్లో మఖ్మల్ రవిక అంటే పెండ్లికూతురికే, అది కూడా కాస్త కలిగిన ఇంటి పెండ్లికూతురికే. ఎల్లారెడ్డి చుట్టుపక్కల అప్పట్లో పెండ్లిపీటల మీద కనబడిన మఖ్మల్ రవికల్లో చాలా మటుకు మా మేనత్త చేతి కుట్టే. మా బాపుకు ఆమె ఒక్కతే చెల్లెలు. నేను అత్తమ్మ అని పిలిచేదాన్ని.

నేను ఆమె దగ్గరికి చేరడం కూడా ఒక చేతగానితనం వల్లనే జరిగింది. కామారెడ్డిలో మా వాడంతా బీడీలు చుట్టేవాళ్లే. మా అమ్మ చాట ఒళ్లో పెట్టుకుందంటే మాట మాట్లాడుతూనే, పక్కింటివాళ్లతో నవ్వుతూనే, ఆకు చుట్టి దారం కట్టి పక్కన పడేసేది. నాకు ఆ విద్య అబ్బలేదు. నేను చుట్టిన బీడీ ఒకటి లావు, ఒకటి సన్నం, ఇంకొకటి నోటి దాకా పోకముందే విచ్చుకునేది. చూసి చూసి మా అమ్మ ఒకనాడు, దీని చేతికి ఆకు అచ్చి రాదు, బట్టన్న అచ్చి వస్తదేమో చూద్దామని చెప్పి, నన్ను బాపుతో లింగంపేట మీదుగా పోయే బస్సెక్కించి ఎల్లారెడ్డి పంపించింది. అప్పటికి మా మామ దుబాయి పోయి కొంతకాలమయింది. పిల్లలు లేని ఇల్లు. ముందరి గదిలో వీధి కిటికీ పక్కన కుట్టుమిషను, దాని ముందు అత్తమ్మ. నేను పోయేసరికి ఆ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

మామూలు బట్ట కుట్టడం నాకు తొందరగానే వచ్చింది గాని, మఖ్మల్‌ను మాత్రం అత్తమ్మ చాలా రోజులు ముట్టుకోనివ్వలేదు. ముట్టుకోనిచ్చిన రోజు కూడా మొదట కత్తెర ఇవ్వలేదు, బట్టను మంచం మీద పరిచి, కళ్లు మూసుకుని అరచేత్తో నిమరమంది. ఒక దిక్కుకు చేయి జారిపోయింది, పిల్లి వీపు నిమిరినట్టు. రెండో దిక్కుకు గరగరమని అడ్డం పడింది. ఆ జారే దిక్కు కిందికి పెడితే రంగు వెలసినట్టు తేలిపోయి కనిపిస్తుందని, పైకి పెడితే చిక్కగా, లోతుగా కనిపిస్తుందని, ఏ దిక్కు పెట్టినా ముక్కలన్నీ ఒకే దిక్కు ఉండాలని ఆమె చెప్పింది. గీత గీయాలంటే వెనక వైపే సుద్దతో గీయాలి. మామూలు బట్టలాగా రెండు పొరలు మడిచి ఒకేసారి కోయకూడదు, ఒక నూగు మీద ఇంకో నూగు నిలవదు, కత్తెర పడేలోగానే జరిగిపోతుంది. ఒక్కొక్క పొర విడిగా పరిచి కోసుకోవాలి. గుండుసూది గుచ్చితే కుట్టు లోపలికి పోయే అంచులోనే గుచ్చాలి, నడుమ గుచ్చితే ఆ చుక్క పోదు. మిషను మీద పెట్టే ముందు కచ్చాకుట్టు వేయాలి, అదీ ఒక వరుస చాలదు, పక్కపక్కన రెండు వరుసలు. నూగు వాలిన దిక్కునే మిషను నడపాలి, కుట్టు కాస్త పొడుగ్గా ఉండాలి, సూది కింది పాదం బట్టను గట్టిగా తొక్కకుండా పైన మర వదులు చేసుకోవాలి. ఇవన్నీ ఆమె ఒకచోట కూర్చోబెట్టి పాఠంలా చెప్పినవి కావు. నేను తప్పు చేయబోతుంటే నా మణికట్టు పట్టుకుని ఒక్కొక్కటిగా చెప్పినవి. "విప్పి కుట్టుకునే బట్ట కాదు బిడ్డా ఇది. సూది దిగిందంటే దిగినట్టే. ముందుగాల్నే సోంచాయించుకోవాలె" అనేది, కోయకముందే ఆలోచించుకోమని.

ఆ పని చేసిన రోజు ఇల్లంతా నూగే. తలలో, కనుబొమ్మల్లో, తాగే నీళ్లలో కూడా మెరూన్ రంగు దుమ్ము తేలేది. సాయంత్రం ఇద్దరం వాకిట్లో నిలబడి ఒకరి వీపు ఒకరు దులుపుకుంటుంటే వీధిలో పోయేవాళ్లు, హోలీ ఇప్పుడే అచ్చిందా అని పరాచికాలాడేవాళ్లు.

ఇంత మందికి కుట్టిన అత్తమ్మ తన కోసం మఖ్మల్ కుట్టుకోలేదు. మామ ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆమె కోసమే ఒక ముక్క తెచ్చాడు. ముదురు ఆకుపచ్చ, తడిసిన చింతాకు రంగు. అటువంటి మెత్తదనం నేను కామారెడ్డి దుకాణాల్లో కూడా చూడలేదు. మడత పడితే గీత నిలుస్తుందని అత్తమ్మ దాన్ని పాత చీరలో చుట్టగా చుట్టి సందూకలో పెట్టింది. ఎప్పుడు కుట్టుకుంటావత్తమ్మా అని అడిగితే, పండుగకు అనేది, పండుగ వస్తే ఊరందరి బట్టలూ ముందర పడేవి, మీ మామ మల్ల అచ్చినప్పుడు అనేది. అప్పుడప్పుడు మాత్రం పనంతా అయ్యాక ఆ చుట్ట బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుని కొంచెంసేపు నిమురుతూ కూర్చునేది. అప్పుడు ఆమెను పలకరించబుద్ధయ్యేది కాదు.

అట్లా ఉండగా ఒక ఎండాకాలం, మా వెనక వీధిలో ఒక పిల్ల పెండ్లి వచ్చింది. తండ్రి లేని పిల్ల. తల్లి కూలికి పోయి, పొదుపు చేసి, బిడ్డ పీటల మీద మఖ్మల్ తొడుక్కోవాలని ముచ్చటపడి మెరూన్ రంగు ముక్క తెచ్చింది. అత్తమ్మ దాన్ని ఎంతో ఇష్టంగా కుట్టి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు, దీని మీద ఇస్త్రీ పెట్టె పెట్టొద్దు వదినా అని ఒకటికి రెండుసార్లు చెప్పింది కూడా. తెల్లవారితే పెండ్లి అనగా, మధ్యాహ్నం అన్నాలు తిని లేస్తుంటే ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తుకొచ్చింది. ఊరి నుంచి వచ్చిన చుట్టాల్లో ఎవరో, పాపం మేలు చేద్దామనే, రవిక నలిగిందని బొగ్గుల ఇస్త్రీ పెట్టె తెచ్చి వీపు మీద పెట్టారట. పెట్టె ఆకారం ఆకారంగానే నూగు కాలి అణిగిపోయి, నున్నగా, తోలులాగా మెరుస్తోంది.

అత్తమ్మ రవిక అందుకుని లోపలికి నడిచింది. నన్ను గంజులో నీళ్లు మరగబెట్టమంది. నలిగిన మఖ్మల్‌ను ఆవిరి మీద పట్టుకుని కుంచెతో ఎదురు దువ్వితే నూగు మళ్లీ లేస్తుంది, అది మేము చాలాసార్లు చేసిన పనే. చేతులు ఎర్రబడేదాకా ఆవిరి మీద పట్టుకుంది గాని, కాలిన నూగు ఎక్కడ లేస్తుంది? ఆ తల్లి గడపలో కూలబడి, "నా బిడ్డ రాత గిట్లనే ఉన్నది వదినా. పీటల మీద పాత రైక తొడుక్కొని కూసుంటది, ఏం జేస్త" అని ఏడ్చింది. ఎల్లారెడ్డిలో అప్పుడు మఖ్మల్ దొరికే దుకాణం లేదు. కామారెడ్డి పోయి కొనుక్కొచ్చేసరికి పొద్దుగూకుతుంది, దీపం వెలుగులో మఖ్మల్ మీద కుట్టు తిన్నగా పడదు.

అత్తమ్మ కిటికీలోంచి పొద్దు ఇంకా ఎంత ఉందో చూసింది. తరువాత లేచి సందూక తెరిచింది. నేను గబగబా దగ్గరికి పోయి, "అత్తమ్మా, అది మామ నీకు తెచ్చింది గదా" అన్నాను, మెల్లగా అన్నాననుకున్నాను గాని ఆ తల్లికి వినబడింది. ఆమె వద్దు వదినా వద్దు అంటూ లేచి నిలబడింది. అత్తమ్మ ఆమెతో అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "నేనేమన్న పెండ్లిపిల్లనా వదినా? నాకు రేపు లేకుంటే ఎల్లుండి. నీ బిడ్డకు రేపే గదా."

ఆ పూట ఆమె కత్తెర పట్టినప్పుడు మాత్రం చేయి ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. ఆ తరువాత ఎక్కడా ఆగలేదు. ఆమె కోస్తుంటే నేను కచ్చాకుట్లు వేశాను, ఆమె మిషను మీద నడిపిస్తుంటే నేను అస్తరు కుట్టాను, పొద్దు ఇంకా గోడ మీద ఉండగానే హుక్కులు కూడా అయిపోయాయి. తెల్లవారి పసుపుపచ్చ చీర మీద ఆ ఆకుపచ్చ రవిక తొడుక్కుని పీటల మీద కూర్చున్న పిల్లను చూసి, ఆడవాళ్లంతా ఎక్కడి మఖ్మల్, ఎక్కడి మఖ్మల్ అని అడిగారు. అత్తమ్మ వెనక వరుసలో కూర్చుని నవ్వింది. ఆ నవ్వులో బాధ లేదనే అప్పుడు అనుకున్నాను.

మరుసటి ఏడు మామ వచ్చి, రవిక ఏదని అడిగాడు. పెండ్లికి పోయిందని అత్తమ్మ చెబితే మొదట నమ్మలేదు, లేచి సందూక తెరిచి చూసుకున్నాడు. పొద్దున్నే చాయ్ తాగుతూ, "గీసారి రెండు ముక్కలు తెస్త. ఒకటి ఊరికి, ఒకటి నీకు" అన్నాడు. మేము ముగ్గురం పడిపడి నవ్వాము. అదే ఆయన నడిచి తిరిగిన చివరి సెలవు. మళ్లీ వచ్చినప్పుడు, పని చేసే చోట పైనుంచి పడి నడుము విరిగి, ఇద్దరు మనుషులు పట్టుకుని దింపితే మంచం మీదికి వచ్చాడు. ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆ మంచం పక్కనే అత్తమ్మ మిషను నడిచింది. ఆయనకు తాగించడం, ఒత్తిగిలి పడుకోబెట్టడం, మధ్యలో వచ్చి నాలుగు కుట్లు వేయడం. మఖ్మల్ పని మెల్లమెల్లగా మానేసింది, దానికి కావలసిన తీరిక మనసు ఆమెకు లేకపోయింది. నాకు పెండ్లయి మళ్లీ కామారెడ్డి వచ్చాను, నా ఇంట్లో నేనూ ఒక మిషను పెట్టుకున్నాను. ఒకనాడు మామ పోయాడు.

ఆయన పోయిన మరుసటి సంవత్సరమేమో, కామారెడ్డి బజారులో ఒక దుకాణం ముందు వేలాడుతూ అదే ఆకుపచ్చ కనిపించింది. అంత మెత్తన కాదు గాని, రంగు అదే. తెచ్చి, ఆమె చెప్పినవన్నీ తలుచుకుంటూ, నూగు పైకి పెట్టి, రెండు వరుసల కచ్చాకుట్టు వేసి, నా చేతనయినంత బాగా కుట్టి ఎల్లారెడ్డి తీసుకుపోయాను. అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ముందుగా నిమిరింది, తరువాత తిరగేసి లోపలి కుట్లన్నీ చూసింది. "మంచిగ కుట్టినవ్ బిడ్డా" అంది. నీకేనత్తమ్మా అన్నాను. ఆమె నా మొహం వంక చూసి లేచి, వీధి తలుపు వేసింది, కిటికీ రెక్కలు కూడా వేసింది. ఆ మసక చీకటి గదిలో తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. మనిషి చిక్కిపోయింది గనుక భుజాల దగ్గర వదులయింది. అద్దంలో తనను తాను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసుకుంది, రెండు అరచేతులతో చేతుల మీద నిమురుకుంది. వీధిలో ఎవరో మాట్లాడుకుంటూ పోతున్న చప్పుడయ్యేసరికి ఉలిక్కిపడి హుక్కులు తీసేసింది.

నేను ఊరుకోలేదు. ఇంట్లోనే తొడుక్కో అన్నాను, కామారెడ్డి వచ్చి మా ఇంట్లో తొడుక్కో అన్నాను, ఏడ్చాను కూడా. "మొగడు పోయిన దానికి మఖ్మలేందని అంటరు బిడ్డా. అంటే నాకేం గాదు. పోయిన మనిషి పేరు గూడ నలుగురి నోట్ల పడ్తది" అంది.  రవికను తిరిగి నా చేతిలోనే పెట్టి, నీ బిడ్డ ఎదిగినంక తొడుగు అంది. మా అమ్మాయి ఎదిగాక తొడుక్కుంది కూడా, చిరిగేదాకా తొడుక్కుంది. దాన్ని అత్తమ్మ చూడలేదు, అప్పటికే లేదు.

మొన్న మా కాలనీలో ఒక పెండ్లికి పోయాను. నా పక్కన కూర్చున్నావిడకు భర్త పోయి ఏడాది కూడా కాలేదు. నీలం రంగు మఖ్మల్ జాకెట్టు, దాని మీద జరీ పని, మెడలో సన్నటి గొలుసు, నుదుట బొట్టు. కోడలే దగ్గరుండి కుట్టించిందట. ఎవ్వరూ ఆమెను వింతగా చూడలేదు, ఎవరూ చెవులు కొరుక్కోలేదు. ఆమె హాయిగా మిఠాయి తింటూ, పెండ్లికొడుకు ఉద్యోగం గురించి నాతో ముచ్చట పెట్టింది. నాకు సంతోషంగానే ఉంది. ఈ మార్పు రావాలని నా ఈడు వాళ్లం ఎంతమందిమి లోలోపల కోరుకోలేదు గనుక? అయినా ఆమె భుజం వెలుగులో మెరిసినప్పుడల్లా గుండెలో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. కాలం మంచిదే అవుతుంది, కాదనను, కానీ అది ఎవరికోసమూ తొందరపడదు. మా అత్తమ్మ ఊళ్లో సగం మంది బిడ్డలను మఖ్మల్ తొడిగి పీటల మీద కూర్చోబెట్టింది, తాను మాత్రం నేత చీర మీద నూలు రవికతోనే వెళ్లిపోయింది.