పాట మీద పడ్డ అరుపు

నాకు ఇంత కోపం తెప్పించిన చప్పుడు పొడవు నాలుగు సెకన్లు. మూడు నిమిషాల నలభై సెకన్ల పాటలో అది రెండు నిమిషాల పన్నెండో సెకను దగ్గర మొదలవుతుంది. ఒక మగ గొంతు, బావిలోకి వంగి అరిచినట్టు ఎకో పెట్టుకుని, ఒక సెల్ షాపు పేరూ అది నరసరావుపేటలో ఏ సెంటర్లో ఉందో చెబుతుంది. ఆ పేరు ఇక్కడ రాయను. దానికి కావలసినంత ప్రచారం ఇప్పటికే ఆ పాట మీద జరిగింది.

నేను నరసరావుపేటలో ఒక గది అద్దెకు తీసుకుని పాటలు చేసుకుంటాను. ఏ కంపెనీకీ పనిచేయను. బతకడానికి ఆటోల మీద తిరిగే ప్రకటనలు, ప్రైవేటు స్కూళ్ల వార్షికోత్సవాలకు ట్రాకులు చేస్తాను. మిగిలిన టైము నా పాటలకు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివే రోజుల్లో ఇంట్లోనే పదకొండు పాటలు రికార్డు చేశాను. ఈ ఏడాది వాటిని బయటికి తీసి, శుభ్రం చేసి, నా ఛానల్లో పెడదామనుకున్నాను. పదింటితో ఇబ్బంది లేదు. వాటిలో పాడింది నేనే. అవి పోయినా లోకానికి నష్టం లేదు. పదకొండోది అత్త పాడింది.

అత్త అంటే చుట్టరికం కాదు. మా పక్క వాటాలో ఉండే దర్జీ ఆమె. అచ్చంపేట వైపు పల్లెలో పుట్టి, పెళ్లికి ముందు పత్తి ఏరడానికి పోయి, పెళ్లయ్యాక పేటకు వచ్చి రవికలు కుట్టడం మొదలుపెట్టింది. రంజాన్ నెలలో మాకు సేమియా గిన్నె, మా ఇంట్లో గారెలు చేసిన రోజు వాళ్లకు గారెల పళ్లెం. ఆ గిన్నె ఎవరిదో ఆ పళ్లెం ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ఆమె గదిలో మూడు గోడలకూ గుడ్డలు వేలాడేవి. గుడ్డ ఎకోను మింగేస్తుంది. సిటీ స్టూడియోల్లో స్పంజి పలకలు అంటించి సాధించే నిశ్శబ్దం అత్త గదిలో జాకెట్ ముక్కలతో ఊరికే వచ్చేది. నా పరికరాలు: మైకుసెట్టు షాపు వాళ్లు పనికిరాదని పక్కన పడేసిన ఒక మైకు, నేనే సోల్డర్ చేసిన ఒక వైరు, సెకండ్ హ్యాండ్ కంప్యూటరు. తాళం అత్త కుట్టుమిషనే. మధ్యాహ్నం నమాజుకీ సాయంత్రం నమాజుకీ మధ్య, ఆమె పెడల్ తొక్కుతూ పాడుతుంటే, కటింగ్ బల్ల కింద మైకు పెట్టి రికార్డు చేసేవాణ్ని.

ఆమె పాడే పద్ధతి చెప్పకపోతే నా కోపం అర్థం కాదు. పత్తి చేలో సాలు పట్టి ఏరేటప్పుడు మొదటి పాదం అందరికీ ఒకటే. రెండో పాదం మాత్రం ఎవరి వంతు వస్తే వాళ్లు అప్పటికప్పుడు కట్టాలి, అదీ పక్క సాలులో ఉన్నామె మీద. చేను వదిలినా అత్త ఆ పద్ధతి వదల్లేదు. మిషను మీద ఎవరి రవిక ఉంటే రెండో పాదం వాళ్ల మీద. "సాలు సాలుకీ ఎండెక్కె, సంచి నిండదు వదినా" అని మొదలుపెట్టి, "టీచరమ్మకు చేతులు పొడుగు, కొలిచిన గుడ్డ చాలదు వదినా" అని ముగించేది. ఇంకో రోజు ఇంకో రవిక, ఇంకో మాట. అన్న మాట మళ్లీ అనేది కాదు. ఇంకోసారి పాడమంటే, "అయిపోయిన రవిక మళ్లీ కుడతార్రా?" అనేది.

మూడేళ్ల కిందట ఆమెకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మాట వస్తుంది, బొంగురుగా. పాట రాదు. నేను పాతవి బాగుచేస్తున్నానని తెలిసి ఒకరోజు గది గుమ్మంలో నిలబడింది.

"అబ్బాయ్, నా పాట మొత్తం ఒక్కసారి ఇనిపించు. మధ్యలో ఆడి గోల లేకుండా."

"ఇనిపిస్తా అత్తా," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

ఒరిజినల్ రికార్డింగ్ నా దగ్గర లేదు. మిగతా పదీ అప్పుడే సీడీకి ఎక్కించాను. చివర చేసిన ఇది మాత్రం ఉన్న ఒక్క హార్డ్ డిస్కులోనే ఉండిపోయింది, అది చచ్చిపోయింది. మిగిలింది ఊళ్లో తిరిగిన కాపీలు. అప్పట్లో ఫోన్లో నెట్ ఇంత లేదు. జనం మెమరీ కార్డు పట్టుకుని సెల్ షాపుకు వెళ్లి పాటలు ఎక్కించుకునేవాళ్లు. ఒక షాపు పాటల్ని ఇంకో షాపు కాపీ కొట్టకుండా ప్రతి షాపువాడూ ప్రతి పాట మీదా తన గొంతుతో షాపు పేరు అరిచి ముద్ర వేసేవాడు. పాట ఎవరిది, పాడింది ఎవరు అన్నది వాళ్లకు అనవసరం. సంతలో గొడ్డు మీద వేసే ముద్రకైనా ఒక చోటు చూసి వేస్తారు. పేట షాపువాడైతే ముప్పై తొమ్మిది సెకన్లకొకసారి, కింద ఏముందో వినకుండా వేశాడు.

నేను ఈ పాటను రెండు షాపులకు ఇచ్చాను. ఒకటి పేటలోది. రెండోది గురజాలలోది, డిప్లొమా ట్రైనింగుకు మూడు నెలలు అక్కడ ఉన్నప్పుడు. ఈ ముక్కే నాకు ఆశ పుట్టించింది. రెండు షాపులూ విడివిడిగా ముద్ర వేశాయి కాబట్టి ఒకడు అరిచిన చోట ఇంకోడి కాపీలో అత్త గొంతు ఉండాలి. తెలిసిన ఆటోవాళ్లందరి దగ్గరా పాత కార్డులు అడిగాను. పేట కాపీ తొందరగానే దొరికింది. గురజాల కాపీ కోసం మూడుసార్లు బస్సెక్కాను. చివరికి ఒక టీకొట్టు గల్లాపెట్టెలో, రబ్బరు బ్యాండు చుట్టిన చచ్చిన ఫోన్లో ఉంది.

రెంటినీ కంప్యూటర్లో ఒకదాని కింద ఒకటి పరిచి, కుట్టుమిషను దెబ్బలను బట్టి సరిచూశాను. పేట షాపువాడు ఆరుసార్లు అరిచాడు. గురజాలవాడు మూడుసార్లే అరిచాడు గానీ ఒక్కొక్కటీ ఏడు సెకన్లు, అరుపుకు ముందు గుర్రం సకిలింపు. పేటవాడి ఆరింట్లో ఐదు చోట్ల గురజాల కాపీలో అత్త గొంతు శుభ్రంగా ఉంది. కత్తిరించాను, అతికించాను, రెండు కాపీల తేడా తెలియకుండా సరిచేశాను. ఆ పని పన్నెండు రోజులు పట్టింది. మిగిలింది ఒక్క చోటు. రెండు నిమిషాల పన్నెండో సెకను. అక్కడ ఇద్దరూ ఒకేసారి అరిచారు.

మాచర్లలో ఇంకో కాపీ ఉందని తెలిసి పోయాను. ఉంది. వాడు గురజాల కాపీనే తెచ్చుకుని, అందులో గురజాలవాడి పేరు వినపడకూడదని సరిగ్గా అవే చోట్ల తన పేరు ఇంకా గట్టిగా అరిచాడు. గుర్రం సకిలింపు మీద పులి గాండ్రింపు. దొంగ మీద దొంగ పడి కొట్టుకుంటే కింద నలిగింది అత్త గొంతు. మాచర్ల నుంచి పేట దాకా బస్సులో నిలబడే వచ్చాను. సీటు దొరికినా కూర్చునేవాణ్ని కాదేమో.

మర్నాడే పేట షాపుకు వెళ్లాను. ఆయన ఇప్పుడు ఫోన్లకు గ్లాసులు అంటిస్తున్నాడు.

"అన్నా, పదేళ్ల కింద నీకు పెన్‌డ్రైవ్‌లో ఒక పాట ఇచ్చా. కుట్టుమిషను పాట."

"టకటక పాట గదా. చానామంది ఎక్కించుకున్నారు. పత్తికిపోయే ఆటోలన్నిట్లో అదే మోత."

"నీ గొంతు లేని కాపీ ఏమన్నా ఉందా?"

"నా గొంతు లేకుండా నా షాపులోంచి పాట బయటికి పోయేదేందిరా. అది ఉంటేనే సరుకు అసలుదని."

"అసలు పాట నీది కాదు గదన్నా."

"నాదని ఎవడన్నాడు? నీదే. ఎక్కించింది నేను." గ్లాసు కింద చిక్కిన బుడగను గోటితో అంచుకు తోస్తూ మాట్లాడుతున్నాడు. "నేనెక్కించబట్టి ఇయ్యాల నీకు ఎతుక్కోటానికి ఏదో ఒకటుంది. నీ దగ్గర పెట్టుకున్నది ఏమైంది?"

"డిస్కు పోయింది."

"మరి. నా సిస్టమూ పోయింది, స్క్రాపుకేశా. ఇద్దరం సమానమే పో."

బుడగ బయటికి పోయింది. ఫోన్ తుడిచి కస్టమరు చేతిలో పెట్టాడు. సమానం ఎలా అవుతామని అడగాలి. కానీ ఆయన లేకపోతే పాట అసలే మిగిలేది కాదన్నది నిజం. ఆయన తప్పుకంటే ఆ నిజమే నన్ను ఎక్కువ మండించింది.

హైదరాబాదులో మిక్సింగ్ చేసే ఒక స్నేహితుడికి ఫోన్ చేశాను. ఆమె గొంతు ఒక నిమిషం పంపిస్తే సాఫ్ట్‌వేరు ఆ గొంతును నేర్చుకుని నాలుగు సెకన్లూ పాడేస్తుందన్నాడు.

"ఏం మాటలు పాడుతుంది?"

"ఏవో పెట్టు మామా. రైమ్ కుదిరితే చాలు. ఎవడు చూడొచ్చాడు?"

ఫోన్ పెట్టేశాను. షాపువాళ్లు అత్త మాట మీద అరిచారంతే. వీడు ఆమె నోట్లో మాట పెట్టమంటున్నాడు.

చివరికి నేను చేసింది ఇది. పక్క చరణంలోంచి ఒట్టి కుట్టుమిషను చప్పుడు నాలుగు సెకన్లు తీసుకుని అరుపు స్థానంలో అతికించాను. దెబ్బకు దెబ్బ కలిసింది. అతుకు నాకే కనపడలేదు. నిజం చెప్పాలంటే ఆ పనికి నాకు గర్వంగానే ఉంది.

మధ్యాహ్నం నమాజయ్యాక అత్త గదికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లాను. ఆమె పైట సర్దుకుని దాని మీదే హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పాట మొదలయ్యాక కాసేపటికి కాలు ఖాళీ మిషను పెడల్ మీదికి పోయి దానంతటదే ఆడింది. ఒకచోట, "ఇదుగో, ఇది కంపౌండరు పెళ్లాం మీద," అని నవ్వింది. రెండు నిమిషాలు దాటాయి. పెడల్ ఆగింది.

"ఈడ నేనెందుకు ఊరుకున్నా?"

"ఊరుకోలా అత్తా. అక్కడ షాపోడి అరుపుంది. తీసేసి మిషను చప్పుడు పెట్టా."

"మరి నా మాట?"

"ఎక్కడా దొరకలా. నీకేమన్నా గుర్తుందా?"

"ఆరోజు మిషను మీద ఎవరి రవికుందో చెప్పు, చెబుతా."

ఆనాటి నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. మైకు ఎన్ని అంగుళాల దూరంలో పెట్టానో రాసుకున్నాను. ఫ్యాను ఆపింది, కిటికీ మూసింది, ఎన్నో టేకు, అన్నీ రాసుకున్నాను. ఎవరి రవికో రాసుకోలేదు.

"ఇంతకీ ఆడి చేతికి పాటెవరిచ్చారు?"

"నేనే."

"నన్నడిగావా?"

అడగలేదు. ఆ మాటా చెప్పాను. పాట పాడైపోవడానికి కారణాలు ఒక కాగితం మీద వేసుకున్నాను, వరస నంబర్లతో: పేట షాపు, గురజాల షాపు, మాచర్ల షాపు, డిస్కు. ఆ కాగితంలో నేను లేను. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, మా పాట ఊరంతా మోగబోతోందని ఈల వేసుకుంటూ షాపుకు నడిచింది నేను. షాపులవాళ్ల మీద ఇన్నాళ్లు పెంచుకున్న కోపమంతా, ఒక్క గింజ తగ్గకుండా, నా వైపు తిరిగింది. అత్త హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆడి గోల మళ్లీ పెట్టు."

"అదేంటత్తా, తీయమన్నది నువ్వేగా."

"తీసి నా మాట ఇనిపించమన్నా. అది లేనప్పుడు తీసి ఏం లాభం? ఇట్టా ఇంటే నేను మాట తట్టక ఆగాననుకుంటారు. నేనాగలా. నేను పాడుతుంటే ఆడొచ్చి మీద పడి అరిచాడు. అది ఇనపడాల."

నా అతుకు ఎంత బాగా కుదిరిందో చెప్పాలనిపించింది. కానీ అంత బాగా కుదరడమే తప్పు. షాపులవాళ్లు ఆమె గొంతును మూశారు. మూసిన గుర్తు కూడా లేకుండా చేసింది నేను.

ఆ సాయంత్రమే అరుపును వెనక్కి తెచ్చి పెట్టాను. దాని వాల్యూం తగ్గించవచ్చు, ఎకో కోసేయవచ్చు. రెండూ చేయలేదు. ఎంత గట్టిగా అరిచాడో అంత గట్టిగానే ఉంచాను. ఛానల్లో పెట్టనా అని అత్తను అడిగాను. మొత్తం ఇంకోసారి విని, ఆ అరుపు దగ్గర పళ్లు కొరికి, "ఇప్పుడు పెట్టు," అంది.

పెట్టిన మూడో రోజు ఎవరో కామెంటు రాశారు. పాట సూపర్ బ్రో, మధ్యలో ఆ యాడ్ తీసేస్తే ఇంకా బాగుండేది అని. అది యాడ్ కాదనీ, దాని కింద ఒక మనిషి పాడుతూనే ఉందనీ జవాబు రాశాను.