చాటెడు తవుడుకు

"ఇంట్లో పిల్లోళ్ళు ఎంతమంది ఉండారు?" అని గడప అవతల నిలబడి నా భర్త అడిగిన క్షణంలోనే నాకు భయమేసింది.

మిట్టమధ్యాహ్నం. ఎండాకాలంలో ఆ వేళకు ప్రొద్దుటూరు వీధుల్లో కుక్క కూడా కదలదు. పులివెందుల క్యాంపుకు పోయిన మనిషి చెప్పకుండా వచ్చాడని ముందు సంతోషపడ్డాను. అదే ముఖం, అదే తెల్లచొక్కా. కాలరు దగ్గర నేను వేసిన కుట్టు కూడా అదే. కానీ ఏ తండ్రైనా తన బిడ్డలెంతమంది అని అడుగుతాడా?

ఊరందరికీ మా ఆయన టీకాల ఇన్‌స్పెక్టరు. అసలు చేసే పని ఏమిటో పెళ్ళైన చాలా కాలానికి గానీ నాకు చెప్పలేదు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు బీరువాలు, ఫైళ్ళు లారీలెక్కాయి గానీ, వీళ్ళ సెక్షను మాత్రం ఎక్కలేదట. దానికి బోర్డు లేదు. ఒక జీపు, ఒక డ్రైవరు, ఒక ఆఫీసరు, మా ఆయన, అంతే. మారుమనుషుల్ని పట్టడం వాళ్ళ పని. మారుమనిషి అంటే వేరేవాళ్ళ రూపంలో పట్టపగలే తిరిగేది. దాని అడుగుజాడలో ఇనుప మేకు దిగ్గొడితే ఉన్నచోటే ఎండిపోతుంది. గురి తప్పితే మాత్రం, కొట్టినవాడి రూపమే ఎత్తుకొని వాడి ఇంటికే వస్తుంది. లాంతరు వత్తి తగ్గించి ఇది రాస్తున్నానే, ఇప్పుడు కూడా కిటికీకి వీపు పెట్టి కూర్చోవడానికి నాకు ధైర్యం చాలదు.

మారుమనిషికి గడప దాటి లోపలికి రావడం కుదరదు. ఎవరినీ బలవంతంగా ఎత్తుకుపోవడమూ దానివల్ల కాదు. ఇంటివాళ్ళు నోటితో 'నీ బిడ్డ' అని ఒప్పుకుంటే చాలు, ఆ బిడ్డ తనంతట తానే దాని వెంట నడుస్తుంది. జమ్మలమడుగులో ఒక నేతగాని కొడుకు అట్లే పోయాడు. తండ్రి మగ్గం గుంటలో కూర్చొని ఉండగానే, పిల్లవాడు వీధిలో ఇంకొక 'తండ్రి' చెయ్యి పట్టుకొని నడిచాడు. తర్వాత పెన్న ఇసుకలో చొక్కా ఒకటే దొరికింది.

అందుకని ఆఫీసరు మా ఇళ్ళలోని ఆడవాళ్ళ కోసం ఒక పరీక్ష చెప్పి పంపాడు. వాకిట్లోకి వచ్చిన భర్తను పేరు పెట్టి పిలవాలి. మనిషైతే పలుకుతాడు. మారుమనిషి పలకదు.

పేరు పెట్టి. అనంతపురంలో కాలేజీ చదివినదాన్నే నేను. అయినా పెళ్ళిలో ఆడబిడ్డలు వాకిలికి అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పి లోపలికి రమ్మంటే, ఏదో గొణిగి దూరిపోయాను. ఆ తర్వాత ఆ పేరు నా నోట రాలేదు. ఆ మధ్యాహ్నం అది నాలుక మీదికి వచ్చి పళ్ళ దగ్గర ఆగిపోయింది. అంతలో మా ఆరేళ్ళవాడు 'నాయనొచ్చినాడు' అంటూ లోపలినుంచి ఉరికొచ్చాడు. ఆ తడబాటులో రోజూ అనే మాటే అనేశాను.

"మీ నాయనకు నీళ్ళు తెచ్చియ్యి."

అన్నాకే తెలిసింది, వాణ్ణి దాని బిడ్డని నా నోటితోనే ఒప్పుకున్నానని. గడప అవతల అది నవ్వింది. నీళ్ళు వద్దన్నట్టు తల ఊపి, చెయ్యి చాపి, "రా నాయనా" అంది.

వాడు నడిచాడు. వెనకనుంచి మొలతాడు పట్టుకున్నాను. వదులుమా, నాయన పిలుస్తాండాడు అని గుంజుకుంటున్నాడు. ఆరేళ్ళ బిడ్డకు అంత బలం ఉండదు. నా కాళ్ళే బండల మీద జారుతున్నాయి. అప్పుడు చూశాను. దాని కళ్ళు ఉయ్యాలలో పడుకున్న మా చిన్నదాని మీదికి పోయి, అక్కడ ఏమీ లేనట్టు జారి మళ్ళీ వీడి మీదికే వచ్చాయి.

అట్లా ఎందుకు జారాయో అప్పుడు తట్టింది. వీడి తర్వాత ఒక బిడ్డ పురిట్లోనే పోయింది. చిన్నది పుట్టగానే మా అత్త దాన్ని పక్కింటి సాయిబుల ఆమెకు, నేను ఆపా అని పిలిచే అక్కకు, చాటెడు తవుడుకు అమ్మేసింది. బిడ్డలు దక్కని ఇళ్ళలో చేసేదే. అట్లా అమ్మిన బిడ్డ ఆ ఇంటిది కాదు గనుక చావు వచ్చినా దానికి దారి ఉండదంటారు. బిడ్డ పెరిగేది కన్నవాళ్ళ ఇంట్లోనే, మాట మీద మాత్రం పరాయిది. ఆ రోజు నేను సిగ్గుతో గోడ వైపు తిరిగి పడుకున్నాను.

వాణ్ణి నడుం పట్టి పెరట్లోకి ఈడ్చాను. పిట్టగోడ అవతల ఆపా బర్రెకు తవుడు కలుపుతోంది.

"ఆపా, వీణ్ణి కొనుక్కో."

ఆమె నా ముఖం చూసింది. మొలతాడుకు వేలాడుతున్న నా చేతిని చూసింది. ఎందుకని అడగలేదు. ఈ బేరంలో కొనేవాళ్ళు బిడ్డను తీసిపారేసి మాట్లాడాలి, లేకపోతే అమ్మకం చెల్లదు. అది ఆమెకు తెలుసు.

"ఈన్నా? నా కోడిపెట్టను బాయిలో వేసిన ఈ కోతినా? చాటెడు ఇస్తే మా బర్రె అలుగుతాదిమ్మే. సగం ఇస్తా."

వీధి వైపునుంచి మళ్ళీ "రా నాయనా" అని వినిపించింది. వాడు ఒక్క గుంజు గుంజాడు. మొలతాడు తెగింది.

"సగమే ఇయ్యి," అన్నాను. "వీడు నా బిడ్డ కాదు."

ఆమె తడి తవుడు నా కొంగులో గుమ్మరించి, రెండో చేత్తో వాడి రెట్ట పట్టుకొని గోడ మీదుగా లాగేసుకుంది. ఆమె చంకలో వాడు తడిబట్టలా వదులైపోయి ఏడ్వడం మొదలుపెట్టాడు. మామూలు ఏడుపు. నేను అక్కడే మట్టిలో కూర్చున్నాను. తర్వాత వాకిలి చూస్తే ఎండ తప్ప ఎవరూ లేరు.

పులివెందులలో మా ఆయన కొట్టిన మేకు గురి తప్పిందట, పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. ఆఫీసరు కోస్తా మనిషి. మా ఆయన్ను వీధిలోనే నిలబెట్టి, జరిగిందంతా నాచేత చెప్పించుకున్నాడు. చదువుకున్నవారు, ఒక్క పేరు పలకలేకపోయారా అన్నాడు.

"మీ ఆవిడ పలుకుతుందా?" అన్నాను.

డ్రైవరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆఫీసరు, సరే, ఇప్పుడైనా పరీక్ష చెయ్యాలమ్మా అన్నాడు. మా ఆయన మేకుల సంచి భుజాన వేసుకొని వీధి మధ్యలో నిలబడ్డాడు. ఇరుగుపొరుగు అరుగుల మీదికి వచ్చారు. నేను ఆయన పేరు పలికాను. గట్టిగా కాదు. బడిలో హాజరు చెప్పే పిల్లవాడిలా ఆయన తల వంచుకొని "ఆ" అన్నాడు.

కొడుకేడని ఆయన అడిగితే గోడ వైపు చూపించాను. గోడ అవతలనుంచి ఆపా గొంతు వినిపించింది. "ఈడ్నే ఉండాడు, నా కొడుకు. రొట్టె తింటాండాడు. ఎవురూ పిలవొద్దండి."

ఆయన అటు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఆ మారుమనిషికి మేకు పడేదాకా ఈ అమ్మకం నిలబడాల్సిందే, ఇంట్లో ఎవరూ మా బిడ్డ అనకూడదు అని ఆఫీసరు చెప్పాడు. ఎన్నాళ్ళని అడిగాను. ఆఫీసరు జీపెక్కాడు. మా ఆయన కూడా ఎక్కాడు. జీపు మైదుకూరు రోడ్డు పట్టింది.

మరుసటి ఉదయం వాడు గోడ దూకి వచ్చి, అమ్మా అని నా మోకాళ్ళు చుట్టేసుకున్నాడు. వాడి చేతులు విడదీశాను. చిన్నదాన్ని కూడా తెచ్చి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నేను మీ అమ్మను కాదు, ఆపా మీ అమ్మ, నన్ను అత్తా అని పిలవండి, మీ నాయన మాదిరి ఉన్నోడు వచ్చి అడిగినా ఇదే చెప్పండి అన్నాను. చిన్నది నా గాజులతో ఆడుకుంటోంది. వాడు, మళ్ళా ఎప్పుడు అమ్మవైతావని అడిగాడు.

"ముందు ఒకసారి అత్తా అను," అన్నాను. "వింటాను."