షిఫ్టుల ప్రకారం కుక్కల భయం

శంకరరావు బాబాయికి కుక్కలంటే భయం. అలాంటిలాంటి భయం కాదు. ఆరడుగుల మనిషి, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర జీవితమంతా పనిచేసి రిటైరయినవాడు, కరిగిన ఇనుము పక్కనే కాలవ కట్టి పారుతుంటే భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడినవాడు, పిడికెడు కుక్కపిల్ల కనిపిస్తే చాలు, "ఓలమ్మో" అని ఎవరి స్కూటరు దొరికితే వాళ్ళ వెనక ఎక్కేసేవాడు. అది ఎటు పోతోందో కూడా అడిగేవాడు కాదు. ఒకసారి అలాగే ఎక్కి దుర్గ్ దాకా పోయి, ఎవరింట్లోనో బారసాల భోజనం చేసి సాయంత్రానికి తిరిగొచ్చాడు.

భిలాయి ఉక్కు ప్లాంటు పక్కన, రిసాలిలో మా క్వార్టరుకి నాలుగిళ్ళ అవతల ఆయన ఇల్లు. పాలకొండ వైపు మనిషి. మా మామగారితో కలిసి పనిచేశాడు కనుక మా ఆయన రాజేశ్‌కి బాబాయి. వరస ప్రకారం నాకు మామయ్య కావాలి గాని, వీధి మొత్తానికీ బాబాయే అయినప్పుడు నేనొక్కదాన్నే వేరే వరస కలిపి ఏం బావుకుంటాను?

ఏ కాలమైనా ఆయన చేతిలో గొడుగు, మెడలో ప్లాంటు నాటి విజిలు, జేబులో గ్లూకోజు బిస్కట్లు ఉండాల్సిందే.

"బిస్కట్లెందుకు బాబాయ్?"

"లంచవమ్మా. మీదకొస్తే పడీడానికి."

విచిత్రమేమిటంటే, ఇంత జాగ్రత్తపడే మనిషి వీధిలో కాలు పెడితే చాలు, రిసాలిలో ఉన్న కుక్కలన్నీ ఆయన మీదికే ఉరికొచ్చేవి. తోకలూపుకుంటూ మరీ వచ్చేవి. భయపడేవాణ్ణి కుక్కలు పసిగడతాయి కాబోలని మేమంతా జాలిపడేవాళ్ళం.

ఇక మా ఆయన సంగతి. రాజేశ్ మెల్టింగ్ షాపులో క్రేన్ ఆపరేటరు. ఎక్కడో పైన క్యాబిన్‌లో కూర్చుని, కరిగిన ఉక్కుతో నిండిన గుండిగని ఒక చోటి నుంచి ఇంకో చోటికి దాటిస్తాడు. కింద మనుషులు తిరుగుతుంటారు. వాళ్ళకీ ఇళ్ళూ పిల్లలూ ఉంటారు. అది చెయ్యి వణక్కూడని ఉద్యోగం.

నైట్ షిఫ్టులు చేసొచ్చాక నిద్ర పట్టడం లేదని మొదలుపెట్టాడు. నిద్ర కోసం ఒక పెగ్గు. ఆ నిద్ర సగంలోనే తెగిపోతోందని రెండోది. పొద్దున్నే గుండెదడ, విసుగు, చెప్పుకోలేని దిగులు. వాటి కోసం ఇంకోటి. మా పాప ఏ క్లాసు చదువుతోందో ఓసారి తడుముకున్నాడు. నేను రాజాం నుంచి కాపురానికొచ్చినదాన్ని, నా నోరు చిన్నదేం కాదు. అరిచాను, ఏడ్చాను, సీసాలు సింకులో ఒంపేశాను. సింకు తళతళలాడింది గాని మనిషిలో మార్పు లేదు.

పొద్దున్న టీ ఇస్తే కప్పూ సాసరూ టకటకలాడేవి. ఒకరోజు ఫోర్‌మన్ పక్కకి పిలిచి చెప్పాడట, "రాజేశ్, మెడికల్ టెస్టు దగ్గరకొస్తోంది. ఈ చేతులతో నిన్ను పైకి పంపలేను భాయ్" అని. ఆ మాట నాకు చెప్పి, ఆ దిగులుతో ఆ సాయంత్రం ఇంకో పెగ్గు ఎక్కువ తాగాడు.

ఆ మర్నాడే, సరిగ్గా గ్లాసు బల్ల మీదికి వచ్చే వేళకి, గుమ్మంలో గొడుగు ప్రత్యక్షమైంది.

"నీలిమా, మీ ఆయన్ని ఓ గంట అప్పివ్వమ్మా."

"ఏంటి బాబాయ్?" అన్నాడు రాజేశ్ విసుగ్గా.

"షుగరొచ్చీసినాదిరా. డాక్టరు నడవమన్నాడు. వీధి నిండా కుక్కలు. తోడు రా."

"ఛోడో బాబాయ్, మూడ్ లేదు."

"నీకు మూడ్ లేపోతే నేను నడవను. నడవకపోతే షుగరు పెరుగుతాది. షుగరు పెరిగితే కాళ్ళు తీసెయ్యాలంటారు. మరి రేపట్నించీ నన్నెత్తుకు తిప్పుతావేటి?"

ఆరడుగుల మనిషిని ఎత్తుకోవడం కన్నా తోడు వెళ్ళడమే సులువని రాజేశ్ చెప్పులేసుకున్నాడు. మర్నాడూ గొడుగు. ఆ మర్నాడూ గొడుగు. రెండడుగులకోసారి "అదిగో నల్లది! అదిగో గోధుమరంగుది!" అని మా ఆయన వీపు వెనక దాక్కోవడం. కుక్కని తరిమాక, భయంతో నీరసం వచ్చిందంటూ గుప్‌చుప్ బండి, అదే పానీపూరీ బండి దగ్గర ఆగడం. తను షుగరు మనిషి కనుక ఒకటి నోట్లో వేసుకుని, మిగతావన్నీ రాజేశ్‌కి పెట్టించడం. ఇంటికొచ్చేసరికి మా ఆయన కడుపు నిండి, కాళ్ళు పీకి, సోఫాలో కూలబడేవాడు. తాగడం మానలేదు గాని తగ్గింది.

సెకండ్ షిఫ్టు వారం వచ్చింది. హమ్మయ్య, ఈ వారం సాయంత్రాలు డ్యూటీలో ఉంటాను, ముసలాయన పీడ విరగడైందనుకున్నాడు రాజేశ్. రాత్రి డ్యూటీ దిగి బయటికొస్తే ప్లాంటు గేటు దగ్గర గొడుగు.

"ఏటి చేస్తాను రా? ఈ వారం కుక్కలు ఈ టైముకే తిరుగుతున్నాయి!"

కుక్కల భయానికి కూడా షిఫ్టులుంటాయని నాకప్పుడే తెలిసింది. నాకింకా అనుమానం రాలేదు చూడండి, అంత తెలివైనదాన్ని.

తర్వాత కథ అడ్డం తిరిగింది. మెడికల్ టెస్టు తలచుకుని రాజేశ్‌కి పౌరుషం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా, ఒక్కసారిగా మానేశాడు. నేను లోపల్లోపల దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. మొదటి రోజు బాగానే ఉన్నాడు. రెండో రోజు మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమట. చేతులు కాదు, మనిషే వణుకుతున్నాడు. గోడ వైపు చూసి, "నీలూ, ఎన్ని చీమలో చూడు, తుడువు, తుడువు" అన్నాడు. గోడ మీద ఒక్క చీమ లేదు. నా పై ప్రాణం పైనే పోయింది. చెప్పులు కూడా లేకుండా బాబాయి ఇంటికి పరిగెత్తాను.

బాబాయి వచ్చి గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగి చూశాడు. తర్వాత కుంటుకుంటూ లోపలికొచ్చాడు.

"ఒరే రాజేశూ, నన్ను కుక్క గీరీసిందిరా. ఇంజక్షన్ చేయించుకోవాలి. ఆస్పత్రికి తోడు రా."

"నేను... నేను వణుకుతున్నాను బాబాయ్."

"నేను మాత్రం? భయంతో నేనూ వణుకుతున్నాను. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఎల్దాం, లే."

అలా ఒకరినొకరు పట్టుకుని ఆటో ఎక్కారు, వెనకే నేనూ. అంత దిగులులోనూ, ఎవరు ఎవరికి తోడో తెలియని ఆ వాలకం చూసి ఆటోవాడు నవ్వితే నాకూ నవ్వొచ్చింది.

ఆస్పత్రిలో డాక్టర్ మణిమాల గారు. మన తెలుగువాళ్ళే. బాబాయి పంచె కాస్త పైకెత్తి చీలమండ చూపించాడు.

"ఇది కుక్క గీరిందా? కాలిన మచ్చలా ఉంది. అదీ పాతికేళ్ళ నాటిది."

"పాత కుక్కమ్మా" అన్నాడు బాబాయి తొణక్కుండా. "నన్ను తర్వాత చూద్దురుగాని, ముందు మావోణ్ణి చూడండి."

చూడగానే ఆవిడ మొహం మారింది. వెంటనే చేర్చుకున్నారు. సెలైనూ, విటమిన్ ఇంజక్షన్లూ, వణుకు తగ్గే మందులూ మొదలుపెట్టారు. రాజేశ్ నిద్రలోకి జారుకున్నాక నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు.

"మద్యం మెదడుకి బ్రేకు వేస్తుందమ్మా. రోజూ తాగేవాళ్ళ మెదడు ఆ బ్రేకుని తట్టుకోవడానికి యాక్సిలరేటరు గట్టిగా తొక్కడం అలవాటు చేసుకుంటుంది. హఠాత్తుగా మానేస్తే బ్రేకు పోయింది, యాక్సిలరేటరు మిగిలింది. అందుకే ఈ వణుకూ, లేని చీమలు కనబడటమూ. ఫిట్స్ కూడా వస్తాయి. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మానడం మంచిదే, కానీ ఇంతగా తాగేవాళ్ళు డాక్టరు చేతి కింద మానాలి."

"లివరు పాడైపోయిందా అండీ?"

"కొవ్వు పట్టి వాచింది. ఇప్పుడు ఆపేస్తే చాలావరకు కోలుకుంటుంది. నిద్ర, జ్ఞాపకశక్తి కూడా మెల్లగా సర్దుకుంటాయి. దిగులు పోవడానికి తాగాననుకుంటున్నాడు. ఆ దిగుల్లో సగం తాగుడు తెచ్చిందే. మిగతా సగం ఏమిటో అడిగి తెలుసుకుందాం, దానికీ వైద్యం ఉంది. మందులు నేనిస్తాను. సాయంత్రాలు మాత్రం నా చేతిలో లేవు. ఆ గంట దాటించడానికి ఎవరో ఒకరు తోడుండాలి."

బాబాయి కప్పు మీది ఫ్యాను వైపు చూస్తూ, "మా రిసాలీలో కుక్కలు బాగా ఎక్కువయిపోనాయిలెండి డాక్టరుగారూ" అన్నాడు. ఆవిడ చిన్నగా నవ్వారు.

ఇంటికొచ్చాక నడక మళ్ళీ మొదలైంది. అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధం. స్మృతి నగర్‌లో ఒక పెళ్ళికెళ్ళి, స్నేహితులు బలవంతపెడితే రాజేశ్ తాగొచ్చాడు. మర్నాడు సిగ్గుతో తలుపు తియ్యనన్నాడు. నేనే తీశాను. బాబాయి లోపలికి తొంగి చూశాడు.

"బాబాయ్, నిన్న తాగేశాను. నా వల్ల కాదు. మీరు ఇంకెవరినైనా చూసుకోండి."

"నీ పెళ్ళి భోజనం కబుర్లు నాకెందుకురా? ఆ నల్లకుక్క మలుపు కాడే కూకుంది. నేనెలా దాటాలో అది సెప్పు ముందు."

రాజేశ్ లేచాడు. చెప్పులు వెతుక్కున్నాడు. ఆ మధ్యాహ్నం నేను వండి పెట్టిన తిట్లన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

మళ్ళీ ఆస్పత్రికెళ్ళి డాక్టరుగారికి జరిగింది చెప్పుకుని, మందులు వాడుతూ, నడుస్తూ, నెలలు గడిచాయి. మెడికల్ టెస్టులో చేతులు చాచి నిలబడమన్నారట. నిలబడ్డాడు. క్యాబిన్ ఎక్కమన్నారు. ఆ కబురు చెప్పడానికి, ఇంకా ఎండ తగ్గకముందే, వేడి జిలేబీ పొట్లంతో ఇద్దరం బాబాయి ఇంటికి బయల్దేరాం. ఆయన మా కోసం ఎదురుచూసే వేళ కాదది.

పెరటి గోడ పక్కనుంచి పోతుంటే బాబాయి గొంతు వినిపించింది. "కదలకే తల్లీ! సబ్బు కళ్ళలోకి పోతాదే! నిన్నెవులే ఆ బురదలో పొర్లమన్నది?"

తొంగి చూశాం. పీట మీద బాబాయి. ఎదురుగా ఒళ్ళంతా నురగతో దూడంత కుక్క. ఆ మలుపు దగ్గరి నల్లదే. ఇంకో గోధుమరంగుది ఆయన ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది.

నేను నోరు తెరిచేలోగా రాజేశ్ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. వీధిలోకి వచ్చేశాం. మా ఆయన కళ్ళు తుడుచుకుని, వీధి వినబడేలా కేకేశాడు.

"బాబాయ్! ఘర్ పే హో క్యా? ఇంట్లో ఉన్నారా?"

లోపల బకెట్టు దొర్లింది. తలుపు ధడాలున మూసుకుంది. కాసేపటికి తడి లుంగీతో, చేతికి నురగతో, గొడుగు పట్టుకుని బాబాయి బయటికొచ్చాడు.

"ఏటిరా ఈ టైములో? దార్లో కుక్కలేవీ లేవు కదా?"

లోపలి బాత్‌రూములోంచి భౌమని మొరుగు వినిపించింది.

"టీవీ" అన్నాడు బాబాయి.

"కుక్కలున్నాయి బాబాయ్. మీరు భయపడకండి, నేనున్నాను కదా" అన్నాడు రాజేశ్, జిలేబీ పొట్లం ఆయన చేతిలో పెడుతూ. ఆ పొట్లం అందించిన చెయ్యి కొంచెం కూడా వణకలేదు. బాబాయి పొట్లాన్ని చూడలేదు, ఆ చేతినే చూశాడు.

నేను వంటింట్లోకి దూరి బాబాయి భార్య గున్నమ్మ పిన్నిని నిలదీశాను.

"భయవేటే! పెళ్ళిచూపులకొచ్చినప్పుడే దార్లో దొరికిందని కుక్కపిల్లని సంకనెట్టుకొచ్చినాడు. మా నాన్న దానికీ పాలు పోయించినాడు."

"మరి ఈ వేషమేంటి పిన్నీ?"

ఆవిడ కాసేపు స్టవ్వు తుడిచింది. "ఈయనా ఒకప్పుడు తాగీవోడేనమ్మా. లక్ష్మీప్రసాద్ గారని, ఈయనతో పనిచేసీవారు. ఆయనకి చీకటంటే భయవట. రోజూ పొద్దుగూకేసరికి వచ్చీవాడు, 'శంకరం, చీకటడిపోతోంది, తోడు రా' అని. అలగ నడిపించి నడిపించే ఈయన్ని మనిషిని చేసినాడు. ఆయన పోయాక తెలిసింది మాకు. సర్వీసంతా నైట్ షిఫ్టులు అడిగి మరీ ఏయించుకునీవాడట!"

ఈ సంగతి రాజేశ్‌కి చెప్పాను. విన్నాడు. తనకి తెలిసిపోయిందన్న సంగతి బాబాయికి చెప్పొద్దని మాత్రం నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

మొన్న ఎదురు వరసలోకి చినబాబు అని కొత్త కుర్రాడొచ్చాడు, రోలింగ్ మిల్లులో పని. నిన్న వాళ్ళావిడ మా ఇంటికొచ్చి పంచదార అడిగింది, ఇస్తే తీసుకోకుండా, మొగుడు రోజూ తాగొస్తున్నాడని ఏడ్చింది. నేను రాజేశ్‌కి చెప్పాను. ఇవాళ సాయంత్రం చూద్దును కదా, మా ఆయన తలుపు వెనక నుంచి కర్ర తీస్తున్నాడు.

"ఎక్కడికి?"

"చినబాబు ఇంటికి. నడవాలి. తోడు కావాలి. నాకు ఆవులంటే భయం."

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టి నుంచి."

నేను గుమ్మంలో నిలబడి చూశాను. మా భిలాయి రోడ్ల సంగతి తెలిసిందే, సాయంత్రమయితే ఆవులన్నీ రోడ్డు మధ్యే కాపురం పెడతాయి. మా గేటుకి అడ్డంగా పడుకున్న దూడ మెడ నిమిరి, దాన్ని దాటుకుని, మా ఆయన ఎదురు వరస గేటు దగ్గరికెళ్ళి కేకేశాడు.

"చినబాబూ! జర బయటికి రా భాయ్! రోడ్డు నిండా ఆవులు, ఒక్కణ్ణీ దాటలేను యార్!"

కాసేపటికి చినబాబు బయటికొచ్చాడు, పాపం, మొహం గంటు పెట్టుకుని. మలుపు దగ్గర గొడుగు పట్టుకుని బాబాయి సిద్ధంగా ఉన్నాడు. ఒకడికి కుక్కల భయం, ఒకడికి ఆవుల భయం. ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఆ కుర్రాడు రోడ్డు దాటిస్తుంటే, నల్లకుక్క తోకూపుకుంటూ వాళ్ళ వెనకాలే వెళ్ళింది.