ఆగే మగ్గం, ఆగని బండి

నా చిన్నప్పుడు నాకొక ఉద్యోగం ఉండేది. పాతికేళ్ళుగా కాలేజీలో చరిత్ర చెబుతున్నాను గాని, అంత శ్రద్ధగా చేసిన ఉద్యోగం మళ్ళీ దొరకలేదు. మా అత్త మగ్గం నేస్తుంటే పక్కన కూర్చుని పడుగు పోగుల్ని చూస్తూ ఉండాలి. ఎక్కడైనా పోగు తెగితే "ఆగత్తా" అని చెప్పాలి. అంతే. పొద్దున్నే గంజి తాగింది మొదలు వెలుతురు పోయేదాకా అదే పని.

ఇది ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఒక కారు. పోయిన నెల నా పాత విద్యార్థి ఒకడు కువైట్ నుంచి సెలవు మీద వచ్చి, మా ఇంటికి వచ్చాడు. మా కడప జిల్లా పిల్లలు ఎంతోమందిలాగే వాడూ అక్కడ డ్రైవరు. బి.ఎ. చదివింది ఇందుకేనా అని నేను మొదలుపెట్టేలోపల ఒక ఫోటో తీసి చేతిలో పెట్టాడు. ఇసుక మధ్యలో తెల్ల కారు, దాని మీద చెయ్యి వేసి నిలబడిన వీడు. జపాను కారట. "ఆగిపోయేదనేది దానికి తెలీదు మేడం. ఎండకు రోడ్డు కరుగుతాంటాది, ఇసుక గాలి లేస్తాది, అయినా తాళం తిప్పితే చాలు. మా షేకుకు ఇంకా పెద్ద కార్లు మూడుండాయి. ఎడారిలోకి పోవాలంటే మాత్రం దీన్నే తీయమంటాడు." పెళ్ళాం గురించి కూడా అంత ప్రేమగా మాట్లాడి ఉండడు. ఆ తర్వాత, చరిత్ర పాఠం చెప్పినామెకే చరిత్ర చెబుతున్నానన్న సంబరంతో, ఆ కారు చేసేవాళ్ళు మొదట మగ్గాలు చేసేవాళ్ళని చెప్పాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడే తెలుసన్నాను. నమ్మలేదు. పరీక్షల్లో కూడా నేను చెప్పింది వాడు నమ్మి రాసింది లేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. వాళ్ళ ప్రకటనలు వాళ్ళు వేసుకోగలరు.

మా ఊరు మైదుకూరు నుంచి బద్వేలు పోయే దారిలో ఉంటుంది. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. మా నాన్న షోలాపూరు మిల్లులో పని దొరికిందని చెప్పి నన్ను మేనత్త ఇంట్లో దించి పోయాడు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. నన్ను దించిన రోజు వాకిట్లో ఎవరో మా అత్తను చూపిస్తూ అన్నారు, "దానికే గతి ల్యా, ఇంగ ఈ దండగ తిండి ఒగటి" అని. పెద్దవాళ్ళు పిల్లలకు చెవులుండవనుకుంటారు. నేను రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఊరికే తినను, పని చెప్పమన్నాను.

మా అత్త బతిమాలే రకం కాదు. మా వాడలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేది మగవాళ్ళు. ఆడవాళ్ళది కండెలు చుట్టే పని. మామయ్య పోయాక ఆమె ఎవరినీ అడక్కుండా ఆ గుంటలో దిగి కూర్చుంది. వాడంతా నెలరోజులు నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడుకుని ఊరుకుంది. అలాంటి మనిషి మూడో రోజు నా దగ్గరకొచ్చి, తనకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదని, పోగు తెగితే కనపడడం లేదని, పక్కన కూర్చుని చెబుతావా అని అడిగింది. ఆ రోజు కడుపు నిండా సంగటి తిన్నాను. జీతం తీసుకున్నట్టే తిన్నాను.

పోగు తెగడం చిన్న విషయమనుకోకండి. ఒక్క పోగు తెగింది చూసుకోకుండా నేస్తూ పోతే బట్టలో పొడుగునా సన్నగా గీత పడుతుంది. ఎంత గంజి పట్టించినా అది దాగదు. తెగిన చోటనే మగ్గం ఆపాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని, చిన్న పోగు ముక్క కలిపి, కొసలు మెలేసి, మిగిలిన తోకలు కత్తిరించాలి. నేను "ఆగత్తా" అంటే మగ్గం ఆగేది. ఆ ఇంట్లో నేను చెబితే ఆగే వస్తువు ఒకటుందన్నది నాకెంత పెద్ద విషయమో, తల్లిదండ్రుల దగ్గర పెరిగినవాళ్ళకు చెప్పినా తెలియదు. మిగతాదంతా మగ్గం చప్పుడే. వీధిలో పిల్లలు ఆడుకునే చప్పుడు గోడ అవతలి నుంచి వినిపించేది. నన్నెవరూ పిలవలేదు, నేను పోలేదు. పేక పోగు తీసుకుని నాడె అటూ ఇటూ పోతుంటే, పలక వచ్చి దాన్ని తడుతుంటే, రోజులు అలా పోయాయి.

ప్రొద్దుటూరు నుంచి నెలకోసారి గుర్రబ్బండిలో నూలు తెచ్చే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆయన తమ్ముడు బొంబాయి మిల్లులో పనిచేసేవాడు. లోకంలో ఏం జరుగుతున్నదీ మా వాడకు ఆయన ద్వారానే తెలిసేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు నూలు దించి, మంచినీళ్ళు తాగి, గుంట పక్కన చతికిలబడ్డాడు.

"అక్కా, జపానులో కొయ్యపని చేసే ఒక వడ్లాయన కొడుకు మగ్గం చేసినాడంట. తొక్కే పని ల్యా, నాడె ఇసిరే పని ల్యా, అదే నేస్తాది. అది కాదు తమాషా. పోగు తెగిందనుకో, దానంతట అదే నిలబడిపోతాది."

"తెగిందని దానికి ఎవురు చెప్తారు?" అంది మా అత్త, నేత ఆపకుండానే.

"ఎవురూ చెప్పే పని ల్యా. ప్రతి పోగుకు ఒక ఇనప రేకు ఏలాడతాంటాదంట. పోగు తెగితే రేకు జారి కింద పడ్తాది, మిషను ఆగిపోతాది. ఒక్క ఆడమనిషి ఇరవై ముప్పై మగ్గాలు చూసుకుంటాదంట." తర్వాత నా వైపు చూసి నవ్వాడు. "ఇంగ ఈ పాపకు పని ల్యాకపాయ."

ఆయన ఏదో సరదాకు అన్నాడు. గుర్రం ముందరి గడ్డి తీసి బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ ఇనుప రేకు దగ్గరే ఉండిపోయాను. రేకు సంగటి తినదు. రేకుకు చీర చింపి గౌను కుట్టక్కర్లేదు. జ్వరం రాదు. అలాంటిది బండి మీద వచ్చి మా ఇంట్లో దిగితే నేను ఎక్కడికి పోవాలి? షోలాపూరు ఏ దిక్కున ఉందో కూడా నాకు తెలియదు. తెలిసినా అక్కడ నా కోసం ఎవరూ లేరు.

మర్నాడు మా అత్త వెనక్కి తిరిగి కండె అందుకుంటుండగా, చిన్న కత్తెరతో ఒక పోగు కోశాను. ఆమె మళ్ళీ నేత మొదలుపెట్టగానే "ఆగత్తా, పోగు తెగింది" అన్నాను. ఆగింది. వంగి, వెతికి, మెలేసింది. "మంచిదాయ నువ్వు చూస్తివి" అంది. ఆ మాట కోసం ఆ మర్నాడు రెండు కోశాను. తర్వాత మూడు. నేనుండబట్టే ఈ చీర బాగా వస్తోందని లెక్క తేల్చుకున్నాను. ఆ చీర ఒంటిమిట్ట తిరునాళ్ళకు ఇవ్వవలసింది. అది రోజుకు జానెడు కూడా సాగడం లేదన్న సంగతి నాకు పట్టలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం మా అత్త మగ్గం ఆపి గుంటలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. రొంటిన దోపుకున్న చిన్న గుడ్డ మూట విప్పి అరచేతిలో పెట్టుకుంది. అందులో పోగుల తోకలు. ఒకదాన్ని వేలి మీద పరిచి చూపించింది.

"ఇది దానంతట తెగింది. కొస చూడు, చీపురు మాదిరి ఇచ్చుకోని ఉండాది. ఇవి చూడు. తొమ్మిది. అన్ని కొసలూ నున్నగా ఉండాయి. పోగు ఇంత నున్నగా తెగదు మే."

మరో పిల్ల అయితే ఏడ్చేది. నాకు ఏడుపు కంటే వాదన ముందొస్తుంది, అప్పుడూ ఇప్పుడూ. "నీకు కండ్లు ఆనవంటివే. యెంటిక మాదిరుండే పోగు కొస నున్నగుందని నీకెట్లా కనపడె?" అన్నాను.

మా అత్త అరచేతిలోని పోగుల్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత నవ్వింది. నవ్వగా నేను ఆమెను చూసింది జన్మలో రెండుసార్లు. అది మొదటిది.

"నా కండ్లకేం. ఆ కొండ మీద మేకలుంటే ఈడ కూచ్చోని చెప్తా ఎన్నుండాయో."

"మరి నన్నెందుకు కూర్చోబెట్టుకుంటివి?"

"ఊరికే తిననంటివి గదా." మూట ముడి వేసి మళ్ళీ రొంటిన దోపుకుంది. "మీ మామ పోయినాక మూడేండ్లు ఈ ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప ఇంగో చప్పుడు ల్యా. ఆగత్తా అని ఒగ మనిషి అంటాంటే బాగుండాది."

ఆమె లేచి మళ్ళీ గుంటలో కాళ్ళు పెట్టుకుంది. "ఇంగ కోయాకు. ఏమీ తెగకపోయినా ఆడనే కూచ్చో" అంది. కూర్చున్నాను. తిరునాళ్ళ చీర రెండు రోజులు ఆలస్యంగా పోయింది. అది నేయించుకున్నామె వాకిట్లో నిలబడి తిడితే, మా అత్త నా పేరు ఎత్తకుండా తిట్లన్నీ పడింది.

తర్వాత ఏడాదికి కాబోలు, సాయిబు ఇంకో కబురు తెచ్చాడు. ఆ మగ్గాల ఆయన కొడుకు ఇప్పుడు మోటారు కార్లు చేస్తున్నాడట. మగ్గాలు అమ్మిన సొమ్ముతోనేనట. ఆ రోజుల్లో జపాను సరుకంటే సంతలో అందరికీ ఎగతాళి. కొన్న బొమ్మ ఇంటికి చేరేలోగా విరిగేది. "జపాను కారా, మైదుకూరు దాటేలోపల చక్రం ఊడి పడ్తాది" అని సాయిబు ఒకటే నవ్వు. మా అత్త నవ్వలేదు. "పోగు తెగితే ఆగేది తెలిసినోళ్ళు చేసేది అది. ఊరికే నవ్వాకు సాయిబూ" అంది. ఆ కారును గురించి ఆమె చెప్పింది ఆ ఒక్క మాటే. కువైట్ ఇసుకలో నిలబడ్డ నా విద్యార్థి నలభై ఏళ్ళ తర్వాత అదే మాటను చాంతాడంత పొడుగున చెప్పాడు.

పదకొండో ఏట ఆమె నన్ను కడపలో మిషను వాళ్ళ ఆడపిల్లల బడిలో చేర్పించింది. అక్కడే ఉండి చదువుకోవాలి. నేను పోనన్నాను. వాదించాను. నా వాదనలన్నీ విని, "ఈడ నీకు పని ల్యా" అంది. ఆ మాటకు నేను మూట సర్దుకున్నాను. అంతకు తక్కువ మాట ఏదన్నా నేను కదిలేదాన్ని కాదని ఆమెకు తెలుసు. నాకు అది తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. బండిలో కూర్చున్నాక వెనక్కి చూడలేదు. మగ్గం చప్పుడు వీధి మలుపుదాకా వినపడింది.

యుద్ధం వచ్చింది, నూలు కరువైంది, సాయిబు రాకపోకలు తగ్గాయి. సెలవుల్లో వెళ్ళేదాన్ని గాని, పుస్తకాలలో తల దూర్చుకుని నా గొప్పలో నేనుండేదాన్ని. స్కూలు ఫైనలు పాసై వచ్చిన రోజు మా అత్త వాడలో వాళ్ళందరినీ పిలిచి, నా కోసం నేసిన చీర చేతిలో పెట్టింది. మావిడి చిగురు రంగు, ఎర్రంచు. విప్పాను. నాలుగేళ్ళకు పైగా తప్పులు వెతకడమే పనిగా పెరిగిన కళ్ళు కదా, అంచుకు బెత్తెడు దూరంలో పొడుగునా గీత మొదటి చూపులోనే దొరికింది.

"ఏందత్తా, పోగు పోతే చూసుకోలేదా?" అన్నాను, అందరి ముందరే.

"కండ్లు ఆనలేదు మే" అంది.

నేను నవ్వాను. గట్టిగా నవ్వాను. మా ఇద్దరికే తెలిసిన పాత వేళాకోళం మళ్ళీ ఆడుతోందనుకున్నాను. నేను నవ్వడం చూసి ఆమె కూడా నవ్వింది. అది రెండోది.

ఆమె పోయాక సాయిబు చెప్పాడు. ఆ చీర నేసేనాటికే రెండేళ్ళుగా ఆమెకు చూపు మసకేసిందట. నాడె కోసం తడుముకునేదట. పాపకు చెప్పనా అని ఆయన అడిగితే, చదువు మధ్యలో ఆపుతాది, వద్దని ఒట్టు వేయించుకుందట. ఆ చీర మొత్తం అలాగే తడుముకుంటూ నేసింది. ఆగమని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

ఇది నా విద్యార్థికి చెప్పలేదు. వాడు తన కథ చెబుతున్నాడు. ఆ జపాను ఆయన చిన్నతనంలో వాళ్ళమ్మ మగ్గం మీద పడే కష్టం చూడలేక కొత్త మగ్గం కనిపెట్టాడని, ఇప్పటికీ వాళ్ళ కార్ల ఫ్యాక్టరీలో తప్పు కనపడితే ఎంత చిన్న కూలీ అయినా తాడు లాగి పని మొత్తం ఆపెయ్యవచ్చని, అందుకే ఆ కారు రోడ్డు మీద ఆగదని. తాడు సంగతి బాగుందన్నాను. కష్టం తీరాక వాళ్ళమ్మ పక్కన ఎవరు కూర్చున్నారో ఎక్కడైనా రాశారా అని అడిగాను. వాడికి తెలియదు. చరిత్ర రాసేవాళ్ళకు అలాంటివి అక్కర్లేదు. పాతికేళ్ళుగా ఆ చరిత్రే చెబుతున్నాను, నాకు తెలుసు.

కాలేజీలో నాకు నోరు ఎక్కువని పేరు. సమావేశాలలో ఎక్కడ తప్పు కనపడ్డా "ఆగండి" అంటాను. అది ఆరేళ్ళప్పుడు పట్టిన అలవాటు, పోదు. ఎర్రంచు చీర పెట్టెలో ఉంది. ఏటా ఒకసారి తీసి, గీత మీద వేలు పెట్టి చూసి, మడిచి పెడతాను.

ఫోటో జేబులో పెట్టుకుని వాడు లేచాడు. గేటు దగ్గర, మాటవరసకు అడిగాను, అక్కడ తోడుగా ఎవరున్నారని. "ఎవురుంటారు మేడం, కారుతో మాట్లాడుకుంటా ఉంటా" అని నవ్వాడు. నా నవ్వు పెదవుల దాకా వచ్చింది. వాడి మొహం చూసి అక్కడే ఆపుకున్నాను.

"ఆగు" అన్నాను. గేటు మళ్ళీ మూసి, వాణ్ణి లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాను.