ఇనుప పొలుసుల నత్తకు గాలి పెట్టిన కినుయో

ఉషిజిమా కినుయోకు ఉన్నది ఒకే ఒక్క నమ్మకం: నీళ్ళన్నాక బుడగలుండాలి. సగామి తీరంలోని ఆ చేపల ప్రదర్శనశాలలో ఆమె చేరిన మొదటి వేసవిలో గాలి పంపు ఆగిపోయి రెండు వందల అజి చేపలు వెల్లకిలా తేలాయి. ముప్ఫై ఒక్కేళ్ళు గడిచినా ఏ తొట్టి పక్కనుంచి వెళ్ళినా ఆమె చెయ్యి గాలి గొట్టాన్ని తడమకుండా రాదు. "మీ మిసో చారు దాచుకోండి, అందులోనూ గొట్టం దించేస్తుంది ఈవిడ," అని తోటి ఉద్యోగి ముకాయి భోజనాల దగ్గర ఆటపట్టించేవాడు. ఇందులో నవ్వడానికేముందో కినుయోకు అర్థమయ్యేది కాదు.

అలాంటి మనిషికి గాలి పడని జీవిని అప్పగించారు.

హిందూ మహాసముద్రం అడుగున, రెండున్నర కిలోమీటర్ల లోతులో, రాతి గొట్టాల్లోంచి వేడినీళ్ళు నల్లటి పొగలా చిమ్ముతుంటాయి. అక్కణ్ణుంచి పరిశోధన ఓడ మూడు నత్తలను తెచ్చింది. పాదం నిండా పొలుసులు, పొలుసుల నిండా ఇనుము. ఓడలో వెళ్ళొచ్చిన పరిశోధకురాలు శిరకావా వాటిని తొట్టిలోకి దించింది.

"ఆ వేడినీళ్ళలో ఇనుము కరిగి ఉంటుంది కినుయో గారూ. నత్త ఒంట్లోంచి గంధకం పొలుసుల్లోకి ఊరుతుంది. రెండూ కలిస్తే ఈ నల్ల కవచం. ఇనుము లేని ఊట దగ్గర ఇదే నత్త తెల్లగా ఉంటుంది."

"మరి తిండి?"

"ఒంట్లోనే సూక్ష్మజీవులున్నాయి, అవే వండి పెడతాయి. మీరు గాలి మాత్రం పెట్టకండి. ఎక్కువైతే తుప్పు పడుతుంది."

"నత్తకా?"

"నత్తకే."

నెలాఖరుకు బడి పిల్లలు వస్తారనీ, అప్పటికి ఒక్కటైనా బతికుండాలనీ అధికారి హోసకా చెప్పి వెళ్ళాడు.

లోతు నుంచి పైకొచ్చిన దెబ్బకు మొదటి వారంలోనే రెండు పోయాయి. మూడోదాని మీద కినుయో ప్రాణాలన్నీ పెట్టుకుంది. తొట్టి దగ్గర గంధకం కుళ్ళిన గుడ్డు కంపు కొడుతున్నా అన్నం ఉండలు తెచ్చుకుని అక్కడే తినేది.

పన్నెండో రోజు పొద్దున నత్త రాయి మీద వాలిపోయి ఉంది. గాలి చూపే ముల్లు అడుగంటి ఉంది. అది అలాగే ఉండాలని ఆమెకు తెలుసు. తెలిసీ గాలి గొట్టం మర రవ్వంత తిప్పింది. మధ్యాహ్నానికి నత్త కదిలింది. కదిలేసరికి మర కట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. మూడో రోజుకు పొలుసుల అంచులు పాత మేకు రంగుకు తిరిగాయి. ఆదరాబాదరాగా కట్టేసింది. మరో రెండు రోజులకు నత్త పోయింది.

"మూడూ పైకొచ్చిన దెబ్బకే పోయాయని రాసేద్దాం. ఎవరడుగుతారు?" అన్నాడు హోసకా.

"రెండు ఆ దెబ్బకు పోయాయండీ. ఇది నా దెబ్బకు పోయింది."

"పోనీ అక్కా, ఊరుకో," అన్నాడు ముకాయి.

ఆమె ఊరుకోలేదు. తుప్పు రంగు నత్తను సీసాలో పెట్టి, కింద అట్ట మీద తనే రాసింది: 'గాలి తక్కువైన చోట హాయిగా బతికేది. గాలి పెట్టి చంపినది ఉషిజిమా కినుయో.' ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ గోడకు ఆమె పేరు ఎక్కడం అదే మొదలు. 'చంపినది' అన్న మాట కాస్త మెత్తగా మార్చమని హోసకా రెండుసార్లు బతిమాలాడు. ఆమె మార్చలేదు.

నెలాఖరున పిల్లలు వచ్చారు. ఒక పిల్ల అట్టంతా చదివి, పక్కన గాజు తుడుస్తున్న కినుయో వైపు తిరిగింది.

"ఎందుకు పెట్టారంట గాలి?"

"ఊపిరాడటం లేదేమో అనుకున్నాను."

పిల్ల సీసాకు ముక్కు ఆనించి నత్తను చూసింది.

"మా అమ్మమ్మా అంతే. వద్దన్నా వినదు," అని పెంగ్విన్‌ల వైపు పరుగెత్తింది.

కినుయోకు అప్పుడు ఏడుపొచ్చింది. ముకాయి చూసి, ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని మిగతా గాజు తుడిచాడు.