నాన్న బిగించిన నట్లు

మొన్న టాటానగర్‌లో కద్మా పేటలో మేముండే ఇంటికి ప్లంబరు వచ్చి, స్నానాల గదిలో తుప్పు పట్టిన గొట్టం జాయింటు మీద కిరసనాయిలు పోసి, అది నానేదాకా గడప మీద కూర్చుని బీడీ తాగాడు. కిరసనాయిలు, తుప్పు కలిసిన ఆ వాసన ఇల్లంతా పాకింది. మా నాన్న చేతులకు నాకు తెలిసినప్పటి నుంచీ అదే వాసన. సబ్బు పెట్టి రుద్దినా, నిమ్మచెక్కతో తోమినా గోళ్ల దగ్గర అది మిగిలే ఉండేది. చిన్నప్పుడు ఆయన ముద్ద కలిపి నోట్లో పెడితే పప్పన్నంలో కూడా కొంచెం తగిలేది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

చిన్ననాటి సంగతులు రాసేవాళ్లు సాధారణంగా అందరినీ క్షమించేసి మొదలుపెడతారు. అలాంటివి నేను చాలా చదివాను. నేను మాత్రం ఎవరినీ క్షమించలేదు. అది ముందే చెప్పడం మంచిది.

నాన్న టాటానగర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు. మా వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. నాన్నకు వరసకు అన్న ఒకాయన ఉండేవాడు, మాకు పెదనాన్న. ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తా. జీవితమంతా నట్లకు, బోల్టులకు నంబర్లు వేసిన మనిషి, ఒక్కటి కూడా తిప్పిన మనిషి కాదు. ఇద్దరూ కలిసి ఖర్కాయి నది అవతల, ఆదిత్యపూర్ కార్ఖానా షెడ్లు దాటాక, తోట వేద్దామని ఎర్ర గులకరాళ్ల నేల ఒక ముక్క కొన్నారు. రిజిస్ట్రేషన్ రోజు నాన్నకు డ్యూటీ పడింది. కాగితం మీద పెదనాన్న తన పేరు ఒక్కటే రాయించుకుని వచ్చాడు.

“ఇంటికి పెద్దోడు. ఆయన పేరునుంటే ఏటి, నా పేరునుంటే ఏటి,” అన్నాడు నాన్న. అమ్మ బియ్యం కడుగుతోంది. చేయి ఒక్క క్షణం ఆపింది, మళ్లీ కడిగింది.

ఆదివారాలు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని నాన్న వంతెన దాటేవాడు. నది మీద చల్లగాలి, ఆ తర్వాత షెడ్లలో ఇనుము కోసే చోట కాలిన నూనె వాసన, అది అయిపోయాక తడి మట్టి, కొత్తిమీర. పెదనాన్న మంచం వేసుకుని కూర్చుని ఎక్కడ ఏం వేయాలో చెప్పేవాడు. నాన్న చేసేవాడు. తుక్కు దుకాణంలో ఏరి తెచ్చిన వాటితో ఆయన చేసినవన్నీ నాకు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి: ఇసుక నింపిన డబ్బా బరువుకి తనంతట తాను మూసుకునే గేటు, నిలువునా కోసిన తారు పీపాతో మేకలకు నీళ్ల తొట్టి, డాల్డా డబ్బా రేకులు గాలికి తిరిగి పళ్లేన్ని టంగుమని కొట్టి చిలకలను తోలే పంకా, సైకిలు చక్రం ముందు, కొడవలి ముక్క వెనక బిగించిన కలుపు తీసే బండి. గొట్టం కారితే సైకిలు ట్యూబు పట్టీ, తట్ట చిల్లుపడితే గోనెపట్టా మీద తారు. ఆయన చొక్కా జేబులో కలం ఉండేది కాదు, చుట్ట చుట్టిన తీగె ఉండేది.

అన్నిట్లోకీ పెద్దది నీళ్ల సైకిలు. బావిలోకి దించిన గొట్టం, గొట్టం గుండా పైకి వచ్చే తాడు, తాడుకి జానెడుకొకటి కట్టిన పాత టైరు బిళ్లలు. పైన సైకిలు చట్రం మీద కూర్చుని తొక్కితే చెయిను ఒక పెద్ద చక్రాన్ని తిప్పేది, చక్రం తాడును లాగేది, బిళ్లలతో పాటు నీళ్లు పైకి వచ్చి కాలవలో పడేవి. తొక్కడం పిల్లల పని. నేనూ, పెదనాన్న కొడుకు రాజు అన్నయ్యా వంతులేసుకుని తొక్కేవాళ్లం. వరద వచ్చిందని అరుచుకునేవాళ్లం. రెండు మూడు నెలలకోసారి బిళ్లలు అరిగేవి. అప్పుడు చక్రాన్ని పట్టి ఉంచే నాలుగు నట్లు విప్పి, తాడు తీసి, కొత్త బిళ్లలు కట్టాలి. అది నాన్న ఒక్కడే చేసేవాడు. చూడ్డానికి ఎవరైనా వస్తే మాత్రం పెదనాన్న లేచి వెళ్లి, “ఇది నా బుర్రలోంచి వచ్చిందండీ,” అనేవాడు. నాన్న వినిపించుకోనట్టు తీగె చుట్టుకునేవాడు.

ఒకసారి మా సైకిలు ఎడమ పెడలు వదులైంది. బిగిద్దామని నేను పానా పట్టుకుని కుడికి తిప్పాను. ఎంత తిప్పితే అంత వదులైపోయింది. నాన్న నవ్వాడు.

“అటు కాదు పాపా. ఎడం పెడలుకి ఉల్టా చూడీ.”

మరలోని గీతలను షెడ్డులో హిందీలో చూడీ అంటారు. మామూలు నట్లన్నీ కుడికి తిప్పితే బిగుస్తాయి, ఎడమకి తిప్పితే వస్తాయి. ఉల్టా చూడీ ఉన్నవి దానికి సరిగ్గా తిరగబడి ఉంటాయి. అలా లేకపోతే తొక్కుతూ ఉండగానే ఎడమ పెడలు ఊడి పడుతుందట. హిందీలో చూడీ అంటే గాజు కూడా. వంటింట్లోంచి అమ్మ, “గాజులు కూడా తిరగేసి తొడుగుతారేటి మీ షెడ్డులో?” అంది. చాలా రోజులు ఆ మాటకు నవ్వుకున్నాం.

మా ఊళ్లో విశ్వకర్మ పూజ పెద్ద పండగ. ప్రతి షెడ్డులో విగ్రహం, మైకులు, ఆకాశం నిండా గాలిపటాలు, దొన్నెల్లో వేడి కిచిడీ, చేతికి అంటుకునే బూంది. ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. నాన్న ముందు రోజే తన పానాలు, సుత్తి, రంపం కడిగి, తుడిచి, గోనెపట్టా మీద వరసగా పేర్చేవాడు. నీళ్ల సైకిలుకి బంతిపూల దండ వేసి బొట్టు పెట్టేవాడు. అమ్మ పులిహోర, పెద్దమ్మ శనగలు తెచ్చేవారు. నాకు పదకొండేళ్లు వచ్చిన సంవత్సరం, ఆ పండగ నాడే, పెదనాన్న రెండోసారి పులిహోర పెట్టించుకుని తిని, చేయి కడుక్కుని, తుడుచుకుంటూ అన్నాడు:

“ఒరే సూరీ, ఇంక నువ్వు రానక్కర్లేదురా. మా వోడు పెద్దోడయ్యాడు, ఆడే చూసుకుంటాడు. కాగితం కూడా నా పేరునే ఉంది గదా.”

నాన్న నీళ్ల సైకిలు మీది బంతిపూల దండ వైపు చూశాడు. తర్వాత, “మరి నా సామాను, అన్నియ్యా?” అన్నాడు.

“ఏటున్నాయిరా నీవి? ఈ తుక్కా? నేలలో పాతినవి నేలతో పాటే. నీ పానాలు, సుత్తి తీసుకెల్లు.”

“పండగపూట ఇదేటండీ?” అంది పెద్దమ్మ. ఆయన చూసిన చూపుకి గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

“వచ్చే ఆదివారం వచ్చి, అన్నీ ఒకసారి సరిచేసి పోతాను,” అన్నాడు నాన్న. సరేనన్నాడు పెదనాన్న.

ఆ వారమంతా నాన్న డ్యూటీ దిగి నేరుగా ఆదిత్యపూర్‌లో ఒక స్నేహితుడి, మరలు కోసే లేతు షెడ్డుకి వెళ్లాడు. ఆదివారం మా సైకిలు హ్యాండిలుకి వేలాడిన గుడ్డ సంచి చాలా బరువుగా ఉంది. ఆ రోజు ఆయన చేసినంత శుభ్రమైన పని నేను మళ్లీ చూడలేదు. గేటు, కలుపు బండి, నీళ్ల సైకిలు, దేన్నీ వదల్లేదు. బిళ్లలు కొత్తవి కట్టాడు. పాత బోల్టులన్నీ తీసి సంచిలోవి వేశాడు. పెదనాన్న మంచం మీంచి చూసి పెద్దమ్మతో, “పోతూ పోతూ బాగుచేసి పోతన్నాడు. ఎర్రిబాగులోడు,” అన్నాడు. నేను నట్ల డబ్బా పట్టుకుని నాన్న పక్కనే ఉన్నాను. చక్రం దగ్గర మొదటి నట్టు పెట్టి ఆయన పానాను ఎడమకి తిప్పాడు. నట్టు బిగిసింది. రెండోదీ ఎడమకే. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు.

“గ్రీజియ్యి,” అన్నాడు. ఇచ్చాను.

చలికాలంలో బిళ్లలు అరిగాయి. తోటలో కాలీఫ్లవరు మొగ్గ దశలో ఉంది. రాజు అన్నయ్య నట్లు విప్పడానికి పానాను ఎడమకి తిప్పాడు, రాలేదు. కిరసనాయిలు పోసి తిప్పాడు. పానా పిడికి ఇనప గొట్టం తొడిగి, తండ్రీకొడుకులిద్దరూ కలిసి బరువు వేశారు. ఎంత బలం పెడితే అంత బిగిసింది. ఒక బోల్టు తెగింది. దారిన పోయే ఏ మెకానిక్కుని పిలిచినా అరనిమిషంలో చెప్పేవాడు. తన బుర్రలోంచి వచ్చిన యంత్రాన్ని విప్పలేక మనిషిని పిలిచానని అనిపించుకోవడం పెదనాన్నకి కుదరదు. ఆయన స్టోర్సులోనే ఆ రకం నట్లకు వేరే డబ్బా ఉండేదని నాన్న తర్వాత ఎప్పుడో చెప్పాడు.

చివరికి పెదనాన్నే మా క్వార్టరుకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నీళ్ల సైకిలు ఆగిపోయిందిరా. ఒకసారొచ్చి చూడు.”

నాన్న పేపరు మడిచాడు. “తుక్కు కదన్నియ్యా. తుక్కుకి రిపేరేటి?”

పెదనాన్న ముఖం నల్లబడింది. వరండాలో లెక్కలు చేసుకుంటున్న నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, “ఒసే గుంటా, ఆ రోజు నువ్వూ ఉన్నావు గదే. ఏటి చేశాడే దానికి మీ నాన్న?” అన్నాడు.

“గ్రీజు రాశాడు పెదనాన్నా,” అన్నాను.

ఆ జవాబు ఇచ్చినప్పుడు కలిగిన తృప్తి నాకు తర్వాత ఏ పరీక్ష పాసైనా కలగలేదు.

తోట ఎండింది. కాలీఫ్లవరు గుప్పెడంత పెరిగి పసుపుపచ్చగా విచ్చుకుంది. అందులో రెండు పువ్వులు కొంగున కట్టుకుని ఒకరోజు పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది, ఎవరి మీదా ఏమీ అనకుండా అమ్మ చేతిలో పెట్టింది. ఆమె అరచేతులు తాడు కోసుకుపోయి పుళ్లుగా ఉన్నాయి. బావిలోంచి రోజూ నీళ్లు తోడిందీ మోసిందీ ఆమేనని అప్పుడు తెలిసింది. నట్లు కుడికి తిప్పమని చెప్పేద్దామని వీధి చివరిదాకా ఆమె వెనక వెళ్లాను. చెప్పకుండా తిరిగి వచ్చాను. పెద్దమ్మ విషయంలో నేను చేసింది తప్పు. ఆ మాట ఆమెతో అనడానికి ఇప్పుడు ఆమె లేదు.

మిగతా దేనికీ నేను బాధపడలేదు. ఎందుకంటే, ఆ ఆదివారం తర్వాత నాన్న కొత్తగా ఏదీ చేయలేదు. చుట్టుపక్కలవాళ్ల స్టవ్వులు బాగుచేసేవాడు, గొడుగు పుల్లలు సరిచేసేవాడు, అంతే. జేబులో తీగె పోయింది. ఒకసారి మా బకెట్టు పగిలితే ఆయన దాని వైపు చూడనైనా చూడకుండా బజారుకెళ్లి ప్లాస్టిక్‌ది కొనుక్కొచ్చాడు. పెదనాన్న మా దగ్గర తీసుకున్నది నేల అని అందరూ అనుకుంటారు.

నాన్న పోయిన పదకొండో రోజున, ఊళ్లోనే మాంగో అనే పేట నుంచి పెదనాన్న వచ్చాడు. ఎనభై దాటాయి, మనవడు చేయి పట్టుకుని నడిపించాడు. కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లందరూ వినేలా నాన్నను పొగిడాడు. ఆ తర్వాత, “ఆ నీళ్ల సైకిలు మేమిద్దరం కలిసే చేశాం. బుర్ర నాది, చేతులు సూరీవి,” అన్నాడు. అందరూ తలలూపారు. ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

ఇన్నేళ్లూ నేను నోరు మూసుకోవడమే కక్ష తీర్చుకోవడం అనుకున్నాను. నా మౌనం ఆయనకే పనికొచ్చిందని ఆ క్షణంలో తెలిసింది. మంచినీళ్ల గ్లాసు తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

“పెదనాన్నా, ఆ నట్లు కుడికి తిప్పితే వచ్చేసేవి. నాన్న అన్నీ ఉల్టా చూడీవి వేశాడు. బుర్ర మీది కదా, మీకు తెలిసే ఉంటాది.”

ఆయన నీళ్లు తాగలేదు. “క్యా హువా, దాదాజీ?” అని మనవడు వంగి, ఏమైందని హిందీలో అడిగాడు. మోకాలి మీదున్న ఆయన కుడిచేయి పానా పట్టుకున్నట్టు మెల్లగా ముడుచుకుంది. ఎడమకి కొంచెం కదిలి ఆగింది. తర్వాత కుడికి తిరిగింది. మళ్లీ కుడికి. భోజనాలకు లేవమని పిలిచేదాకా అది తిరుగుతూనే ఉంది. నేను చూస్తూ కూర్చున్నాను.

కిందటి వారం ఆదిత్యపూర్ మీదుగా వెళ్తూ ఆ తోట ఉన్న చోట ఆటో ఆపించాను. నాలుగంతస్తుల ఇళ్లు మూడు వరసలు. బావి ఉన్న చోట కార్లు పెట్టుకునే టైల్సు నేల. గేటు లేదు, పీపా లేదు, గాలికి మోగే రేకు లేదు. ఇళ్లు కట్టినవాళ్లు ఆ పాత ఇనుమంతా గ్యాసు కట్టరుతో కోసి తుక్కు బండికి ఎత్తేశారని కాపలావాడు చెప్పాడు. కుడికి తిప్పి చూసుకోవడానికి పెదనాన్నకి అక్కడ ఒక్క నట్టు కూడా మిగల్లేదు.